నలభై మూడో పేజీ

బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
రెండంకెలు చాలు, ఆటో వచ్చి మెట్ల దగ్గర ఆగుతుంది.
ఆ మెట్లెక్కితే జిరాక్సు షాపు మీద మా ఆఫీసు.
అక్కడ కూర్చుని వారం రోజులుగా
రెండు వందల పన్నెండు పేజీల పుస్తకాన్ని
పేజీలే లేనిదానిగా మారుస్తున్నాను.

కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతి అందులో ఉంది.
మిర్చి టిక్కీ లోపలికి ఎట్లా రావాలి,
ఏ చాంబరు, ఏ అంతస్తు, ఏ వరస,
తేజ అనబోయి బాడిగ అని కొడితే ఎట్లా దిద్దాలి,
అన్నీ ఖాజావలి గారు రాశారు,
కాటా దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషి.
రాసినట్టుండదు,
పక్కన నిలబడి చెప్పినట్టుంటుంది.

హెచ్‌టీఎంఎల్‌లోకి పోసి మీట నొక్కాను.

మొదట అక్షరాలు పోయాయి.
పాత ఫాంటు తొడుగు ఊడేసరికి
మిరప అన్నచోట ఒక డాలరు గుర్తు, రెండు కొక్కేలు,
నెత్తిన టోపీ పెట్టుకున్న పరాయి అక్షరం ఒకటి.
ఒక్కొక్కదాన్నీ వెనక్కి పిలిచాను.
ఒత్తులు ఆఖర్న వచ్చాయి,
అలిగి, తమవి కాని అక్షరాల కింద కూర్చున్నాయి.

తర్వాత అంకెలు.
ఒకటి, రెండు, మూడని ఆయన పేర్చిన మెట్లు
మధ్యలో బొమ్మ అడ్డం రాగానే
మళ్ళీ ఒకటి.
ఇంకో బొమ్మ, మళ్ళీ ఒకటి.
ఏడు మెట్ల పనిలో ఏడూ మొదటి మెట్లే.
ఎంత ఎక్కినా నేల మీదే.

పట్టిక కుడివైపు గోడ తోసుకుని
తెర బయటికి వెళ్ళిపోయింది.
తూకం ఇక్కడ, తరుగు కనపడని చోట.
రైతు అడిగేది సరిగ్గా ఆ తరుగే.

ఇవన్నీ సర్దాను.
సర్దలేనిది ఒక్క మాట:
"43వ పేజీలో చెప్పినట్టు చేయండి."
పదిహేడు చోట్ల ఉంది.
నలభై మూడో పేజీ ఎక్కడిది ఇప్పుడు?
చాప పరిచినట్టు పైనుంచి కిందికి ఒకటే పరుపు.
పై బొమ్మ చూడమంటారు, అది కిందికి జారింది.
ఎదుటి పేజీ అంటారు, ఎదుట నేనున్నాను.

ఫోన్ చేశాను.

"నలభై మూడా? కుడిచేతి పేజీ గదమ్మా.
కింద మూల టీ మరక ఉంటది చూడు."
నా దగ్గర కాగితం లేదండీ, ఫైలొక్కటే ఉంది అన్నాను.
"మరక లేకపోతే ఎట్టా కనుక్కుంటారు మరి?"
ఆయన నిజంగానే అడిగారు.
గేటు దాటిన టిక్కీ తిరిగొస్తే
లెక్కలోకి మళ్ళీ ఎట్లా ఎక్కించాలో ఆ పేజీలోనే రాశారట.
ప్రూఫు దిద్దుతుంటే కరెంటు పోయి
చీకట్లో గ్లాసు చేతికి తగిలిందట.

పెట్టేయబోతూ అన్నారు:
"వెనక్కిపొయ్యే దారి పెట్టావా?
మావాళ్ళు ఒక్క చేత్తోనే నొక్కుతారమ్మాయ్.
రెండో చేతికి కారం ఉంటది."

పెట్టలేదు.
లోపలికి రావడం ఉంది గాని తిరిగి వెళ్ళడం లేదు నా అల్లికలో.
ఆ సాయంత్రం ప్రతి భాగం అడుగునా
వెనక్కి, ముందుకి, మొదటికి అని
బొటనవేలంత వెడల్పున కట్టాను.
కింద జిరాక్సు షాపు మూసే చప్పుడయ్యేదాకా.

ఇక మిగిలింది ఆ చోటు.
దారి వేయాలంటే చోటుకో పేరుండాలి,
తెర మీద కనపడకపోయినా.
నలభై మూడు అని కొట్టి, చెరిపేశాను.
టీ-మరక అని పెట్టాను.
పదిహేడు దారులూ ఇప్పుడు అక్కడికే పోతున్నాయి.

ఏటుకూరు రోడ్డులో ఏ గుమాస్తానో
అర్ధరాత్రి లారీ వెనక్కొచ్చాక
అడ్రసు గీతలో ఆ పేరు చూసి
ఇదేందిరా అని నవ్వుకోవచ్చు,
చూడకపోనూవచ్చు.
టిక్కీ లెక్కలోకెక్కితే చాలు.